నదిని కౌలుకిస్తారా?

ప్ర: అమెరికాలో ఫీనిక్స్ నగరం పక్కనున్న గిరిజనుల దగ్గర తాగునీరు కొంటుందట. నది నీళ్లు ఎవరైనా ఎలా అమ్ముతారండీ?
– ఓ పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్

జ: అమ్మరు, కౌలుకిస్తారు. గిరిజనులకు భూమి కేటాయించారంటే దానికి కావలసిన నీళ్లూ కేటాయించినట్టేనని 1908లో అక్కడి సుప్రీంకోర్టు 'వింటర్స్' కేసులో తేల్చింది. అయితే కాగితం మీది హక్కు బిందెలోకి రాదు కదా! ఫీనిక్స్ పక్కనే ఉండే గిలా రివర్ తెగకు ఏడాదికి 6,53,500 ఎకరా-అడుగులు ఖరారైంది 2004 చట్టంతోనే. ఎకరం నేలలో అడుగు ఎత్తున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు, సుమారు 12.33 లక్షల లీటర్లు. మన లెక్కలో మొత్తం 28 టీఎంసీల పైచిలుకు.

ఇందులో 3,11,800 ఎకరా-అడుగులు కొలరాడో నది నుంచి ఎత్తిపోసిన కాలువ నీరు. నగరాలు కౌలుకు తీసుకునేది దీన్నే. గడువు 100 ఏళ్లు మించకూడదు, నీళ్లు ఫీనిక్స్ ఉన్న అరిజోనా రాష్ట్రం దాటకూడదు. కాలువ ఎలాగూ ఊరి పక్క నుంచే పోతుంది కనుక కొత్త పైపులైను అక్కర్లేదు. కౌలు సొమ్ము వేరు, కాలువ నిర్వహణ, పంపింగ్ కరెంటు ఖర్చు వేరు. బేరంలో చాలామంది మరిచేది ఈ రెండోదే.

ఫీనిక్స్ పక్కనే ఉన్న చాండ్లర్, మెసా నగరాలది ఇంకా చిత్రమైన బేరం. శుద్ధి చేసిన మురుగునీరు 5 పాళ్లు తెగ పొలాలకిచ్చి, 4 పాళ్లు కాలువ నీరు పుచ్చుకుంటాయి. మూసీ ఒడ్డున ఉన్న మనం ఆలోచించదగ్గదే.

చిక్కల్లా కరువులో. కొలరాడో తగ్గితే అరిజోనాలో ముందు కోత పడేది ఈ కాలువకే. 2022లో పడింది కూడా. ఒప్పందంలో పరిమాణం కన్నా ముందు నీటి ప్రాధాన్య తరగతి, అంటే కరువులో ఎవరి వాటా ముందు కోస్తారో చూడాలి.