మంచులో నడకకు మేజోళ్ళు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మంచుకొండల్లో నడకకు వెళ్తున్నావనీ, ఎంత దళసరివి దొరికితే అంత దళసరి మేజోళ్ళు కొనాలనుకుంటున్నావనీ నీ ఉత్తరంలో చదివి, నీవు కొనకముందే ఈ మాటలు చేరాలని వెంటనే వ్రాస్తున్నాను. నేను మొదటిసారి మంచులోకి వెళ్ళినప్పుడు అలాగే అనుకొని, రోజూ వేసుకునే బూట్లలోనే రెండు జతల మందపాటి మేజోళ్ళు కుక్కి తొడుక్కున్నాను. గంట గడిచేసరికి వేళ్ళు మొద్దుబారాయి. విప్పి చూస్తే అల్లిక గీతలు చర్మం మీద అచ్చు గుద్దినట్టు ఉన్నాయి, బొటనవేలి కొస మైనంలా పాలిపోయింది. తోటివారొకరు దానిని రుద్దవద్దని వారించి, తన అరచేతుల మధ్య చాలాసేపు ఉంచుకొని వెచ్చబరిచారు.

ఉన్ని పోగుల మధ్య కదలకుండా నిలిచే గాలే పాదాన్ని కాపాడుతుంది. బూటు బిగిస్తే ఆ గాలికి చోటుండదు, వేళ్ళ కొసలకు రక్తమూ సరిగా అందదు. అందుచేత ముందు మేజోళ్ళు ఎంచుకో. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంకాలం వేళ వాటిని తొడుక్కొని, లోపల వేళ్ళు హాయిగా కదిలే బూట్లు చూసుకో.

చలి కన్నా తడికి ఎక్కువ భయపడాలి. నీరు గాలి కన్నా ఇంచుమించు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. నూలు మేజోళ్ళు చెమటను పీల్చుకొని, ఆరకుండా కాలికి అంటుకుపోతాయి కనుక అవి ఎంత మెత్తగా ఉన్నా ఇంట్లోనే వదిలిపెట్టు. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమను పోగుల్లో దాచుకొని కూడా తడిగా తోచదు. గడ్డకట్టేంత చలి లేదు కదా అని తడి మేజోళ్ళతో ఉండిపోవడమూ ప్రమాదమే. 1914 శీతాకాలంలో, మొదటి ప్రపంచయుద్ధపు కందకాలలో రోజుల తరబడి తడి బూట్లతో నిలబడిన సైనికుల పాదాలు అలాగే పాడైపోయాయి.

ఉన్నిలో మెరినో అనే జాతి గొర్రెల ఉన్ని నాకు ఇష్టం. దాని పోగు మందం సాధారణంగా 24 మైక్రాన్లకు మించదు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), అందువల్ల గుచ్చుకోదు. అయితే ఒట్టి ఉన్ని మడమ దగ్గర తొందరగా అరిగిపోతుంది కాబట్టి, సగానికి పైగా ఉన్ని, మిగిలినది నైలాన్, కొద్దిగా సాగే దారం కలిసినవి తీసుకో. కొనేముందు మేజోడును తిరగేసి వేళ్ళ దగ్గరి కుట్టు మీద బొటనవేలితో తడిమి చూడు. అక్కడ గట్టు తగిలితే నాలుగు గంటల నడక తరువాత అక్కడే బొబ్బ లేస్తుంది. అరికాలి కింద లోపలివైపు చిన్న చిన్న దారపు ఉచ్చులు ఒత్తుగా ఉండాలి, పై అంచు బూటు కన్నా ఎత్తుగా ఉండాలి. ఎక్కుతూ నడిచేవారికి మధ్యరకం మందం చాలు. ఒకేచోట కదలకుండా కూర్చునేవారికే బాగా మందమైనవి, వాటికి తగిన వదులైన బూట్లు కావాలి.

మూడు జతలు తీసుకువెళ్ళు. రెండింటిని పగటిపూట మార్చి మార్చి వేసుకో, మూడో జతను నీరు చొరని సంచిలో కట్టి రాత్రి నిద్రకు మాత్రమే ఉంచు. తడిసినవాటిని మంట దగ్గర ఆరబెట్టకు, ఉన్ని మాడుతుంది, నైలాన్ కరుగుతుంది. నీళ్ళు బాగా పిండి, పడుకునేటప్పుడు పొట్టకు దగ్గరగా చొక్కా లోపల పెట్టుకుంటే తెల్లవారేసరికి చాలావరకు ఆరతాయి.