"5 వైరస్‌లు" అని బెదిరించే నోటిఫికేషన్లు, నెట్ సెంటర్లో మిగిలిపోయే ఆధార్ కాపీలు

మీరు అడిగినవి రెండు. రాజోలులో ఉంటున్న మీ నాన్నగారి ఫోన్‌లో "మీ ఫోన్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే తొలగించండి" అని రోజూ వస్తోంది, ఏ యాంటీవైరస్ వేయాలి అన్నది ఒకటి. ఆయన ఆధార్, 1బి (పొలం రికార్డు) కాగితాలు నెట్ సెంటర్లోనే తీయిస్తారు, దానివల్ల ఏమైనా ఇబ్బందా అన్నది రెండోది. మొదటిదానికి మీరు ఎక్కువ కంగారు పడుతున్నారు గానీ, నా లెక్కలో రెండోదే పెద్దదండి.

ముందు ఆ వైరస్ గోల. ఆ హెచ్చరిక ఫోన్ నుంచి వచ్చేది కాదు, క్రోమ్ ఇచ్చేదీ కాదు. ఏదో ఒక సైటు పంపుతోంది. ఉచితంగా క్రికెట్ చూపిస్తామనో, కొత్త సినిమా ఇస్తామనో చెప్పే సైట్లు తెరవగానే "మీరు రోబో కాదని తెలియడానికి అలౌ నొక్కండి" అంటాయి. రోబో పరీక్షకీ ఆ అలౌ బటన్‌కీ సంబంధమే లేదు. అది నొక్కితే ఆ సైటుకి నోటిఫికేషన్లు పంపే అనుమతి ఇచ్చినట్టే. ఆ తరవాత క్రోమ్ మూసేసి ఉన్నా వస్తూనే ఉంటాయి. హిస్టరీ, కుకీలు మాత్రమే తుడిస్తే పోవు, అనుమతుల జాబితా వేరే ఉంటుంది.

క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌లోకి వెళ్లండి. అనుమతి ఉన్న సైట్ల పేర్లు కనిపిస్తాయి. తెలియని ప్రతి పేరూ నొక్కి బ్లాక్ చెయ్యండి. పైనున్న మీట కూడా ఆపేస్తే ఇక ఏ సైటూ అడగదు. ఆయన వయసువాళ్లకి వెబ్‌సైట్ల నోటిఫికేషన్లతో పని ఉండదు, ఆపెయ్యడమే మంచిది. నా చేతికొచ్చిన ఇలాంటి ఫోన్లలో ఎక్కువవాటికి కావలసింది ఇంతే. ఇది చేశాక కూడా తెర నిండా ప్రకటనలు వస్తుంటే మాత్రం ఈమధ్య వేసిన ఏదో యాప్ పని అది. క్లీనర్, బూస్టర్, ఫ్లాష్‌లైట్ లాంటి పేర్లున్నవి ముందు తీసేయండి. యాంటీవైరస్ కొత్తగా వేయక్కర్లేదు. ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ (యాప్‌లని తనిఖీ చేసే గూగుల్ ఏర్పాటు) ఆన్‌లో ఉందో లేదో చూసి, ఒకసారి స్కాన్ నొక్కితే చాలు.

ఆ నోటిఫికేషన్‌ని ఆయన ఎప్పుడైనా నొక్కి ఉంటే ఇంకొకటి చూడాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో వెతికే గడిలో "అన్‌నోన్ యాప్స్" అని కొట్టండి. క్రోమ్, వాట్సాప్, ఫైల్స్, ఈ మూడింటికీ ప్లే స్టోర్ బయటి యాప్‌లు ఎక్కించే అనుమతి లేకుండా చెయ్యండి. పీఎం కిసాన్ పేరుతో, బండి చలానా పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లు (నొక్కితే యాప్‌గా ఎక్కేవి) లోపలికొచ్చేది ఈ దారిలోనే. అవి ఎక్కగానే ఎస్సెమ్మెస్ చదివే అనుమతి అడుగుతాయి. అది ఇస్తే ఓటీపీ మీకంటే ముందు వాళ్లకి చేరుతుంది. అలాంటిది ఎక్కిందనిపిస్తే మొదట డేటా, వైఫై ఆపి, ఫోన్ సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో (తెర చదివి మీ బదులు నొక్కే అనుమతి ఉండేచోటు) దానికి అనుమతి ఉంటే తీసేసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే డివైస్ అడ్మిన్ యాప్స్‌లో దాని టిక్కు తీసి మళ్లీ ప్రయత్నించాలి. బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్ మార్చడం మాత్రం వేరే ఫోన్ నుంచే.

సైటు అసలుదా కాదా అన్నది అడ్రస్ పక్కనుండే తాళం గుర్తు చూసి తేల్చుకోకండి. మీకూ సైటుకూ మధ్య మూడోవాడు చదవలేడని చెప్పేంతవరకే దాని పని. ఆ తాళానికి కావలసిన సర్టిఫికెట్ ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది, మోసగాడికీ దొరుకుతుంది. జనం దీన్ని చూసి పొరబడుతున్నారనే క్రోమ్ 2023లో ఆ బొమ్మనే మార్చేసింది. చూడాల్సింది అడ్రస్. మొదట్లో "https://" కనిపిస్తే దాన్ని వదిలేసి, ఆ తరవాత వచ్చే మొదటి ఏటవాలు గీతకి సరిగ్గా ముందున్న ముక్క నుంచి వెనక్కి చదవండి. ప్రభుత్వ సైటైతే అక్కడ "జీఓవీ డాట్ ఇన్" అని ముగియాలి. "పీఎంకిసాన్ డాట్ జీఓవీ డాట్ ఇన్" అని మొదలై చివరికి "డాట్ ఎక్స్‌వైజెడ్" అని తేలితే అది ప్రభుత్వానిది కాదు. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31కల్లా "డాట్ బ్యాంక్ డాట్ ఇన్"కి మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది, కాబట్టి ఇప్పుడు బ్యాంకు అడ్రస్ చివర ఆ ముక్క కోసం చూడండి. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతక్కండి, పాస్‌బుక్ మీదో ఏటీఎం కార్డు వెనకో ఉన్నదే వాడండి.

ఇక నెట్ సెంటర్. అక్కడ షాపాయన చెడ్డవాడు కానక్కర్లేదు. "మా నంబరుకి వాట్సాప్ పెట్టండి" అంటారు, మనం ఆధార్ పెడతాం, ప్రింటు తీసుకుని వచ్చేస్తాం. ఆ ఫైలు వాళ్ల చాట్‌లో ఉంటుంది, సిస్టమ్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఇంకో కాపీ ఉంటుంది. రోజంతా ఎందరో కూర్చునే సిస్టమ్ అది. రెండు రోజులు దాటకముందే వాట్సాప్‌లో "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" చేస్తే చాట్‌లోది పోతుంది గానీ డౌన్‌లోడ్స్‌లోది పోదు. అందుకని లేచే ముందు డౌన్‌లోడ్స్ తెరిపించి, మీ ఫైళ్లు ఎంచుకుని షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కమనండి. ఒట్టి డిలీట్ నొక్కితే రీసైకిల్ బిన్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. ఇన్‌కాగ్నిటో విండో వాడితే చాలనుకునేవాళ్లున్నారు. అది హిస్టరీ, కుకీలు మిగల్చదు, దించుకున్న ఫైలు మాత్రం అక్కడే ఉంటుంది.

ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అంటారు. పేరులో మొదటి 4 ఇంగ్లీషు అక్షరాలు పెద్దబడిలో, పక్కన పుట్టిన ఏడాది, అంతే ఆ పాస్‌వర్డ్. మీ నాన్నగారిని ఎరిగిన ఎవరైనా తెరవగలరు. దీనికి సరైన మందు మాస్క్‌డ్ ఆధార్. మైఆధార్ సైటులో డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ అన్న గడిలో టిక్కు పెడితే మొదటి 8 అంకెలు కనపడకుండా చివరి 4 మాత్రమే ఉన్న కాపీ వస్తుంది. ఇంట్లో మీ ఫోన్‌లోనే అది తీసి ఆయనకి పంపి ఉంచండి, షాపులో ఇచ్చేది అదే. పూర్తి నంబరు కావాలని పట్టుబట్టిన చోట మాత్రమే అసలుది. గల్ఫ్ వెళ్లేవాళ్ల పాస్‌పోర్టు స్కాన్లకీ ఇదే జాగ్రత్త కావాలి, వాటికి మాస్క్‌డ్ కాపీ లేదు కాబట్టి చెరిపించడం తప్ప దారి లేదు.

1బి తీయించేది ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలోనే కాబట్టి అక్కడ పెద్ద రహస్యం లేదు. రిజిస్ట్రేషన్ దస్తావేజులు స్కాన్ చేయించేటప్పుడు జాగ్రత్త, వాటి మీద వేలిముద్రలుంటాయి. అలాంటి ముద్రల నకళ్లతో, ఆధార్ నంబరుతో ఖాతాల్లోంచి డబ్బు తీసిన కేసులు ఉన్నాయి, అందులో ఓటీపీ అవసరమే రాదు. ఎమ్‌ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేయండి. ఒక చిక్కుంది: లాక్ ఉంటే పింఛను రోజున, రేషన్ దగ్గర వేలిముద్ర పడదు. ముందురోజే అన్‌లాక్ చేసి, పని అయ్యాక మళ్లీ వేయాలి. మీరు ఊళ్లో లేకపోతే ఇది ఎవరు చేస్తారో ముందే అనుకోండి.

ఆయన అక్కడ వాట్సాప్ వెబ్ గానీ జీమెయిల్ గానీ తెరిచి ఉంటే ఇప్పుడే చూడండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్‌లో తెలియని సిస్టమ్ ఉంటే నొక్కి లాగౌట్. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ కింద యువర్ డివైసెస్‌లో అలాగే సైనౌట్, ఆపైన పాస్‌వర్డ్ మార్చి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. విండోస్ 7, 8 ఉన్న సిస్టమ్‌లో అసలు లాగిన్ అవ్వకూడదు. వాటిమీద క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది, 2023 నుంచి బయటపడ్డ లోపాలన్నీ అందులో తెరిచే ఉన్నాయి.

మీ ల్యాప్‌టాప్ గురించి ఒక్క మాట. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) తెరిచి చూడండి. "అన్ని సైట్లలో మీ డేటా చదివి మార్చగలదు" అని ఉన్నవి బ్యాంకు పేజీ కూడా చదవగలవు. పీడీఎఫ్ మార్చేవి, కూపన్లు ఇచ్చేవి తీసేయండి. ప్రకటనలు ఆపడానికి క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ లైట్ చాలు. ఫోన్‌లో కావాలంటే ఫైర్‌ఫాక్స్ వేసుకుంటే పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ పనిచేస్తుంది, ఆ క్రికెట్ సైట్ల గోల చాలావరకు తగ్గుతుంది.

ఖాతాలోంచి డబ్బు పోయిందని తెలిస్తే పెద్దలకి చెప్పి ఆలోచిద్దాం అనుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమనండి, తరవాత బ్యాంకుకి. తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు 3 పనిదినాల్లోపు బ్యాంకుకి తెలియజేస్తే ఖాతాదారుకి నష్టం పడదని రిజర్వు బ్యాంకు 2017 నిబంధన. ఓటీపీ మనమే చెప్పి ఉంటే ఫిర్యాదు చేసేవరకు పోయింది మన మీదే పడుతుంది, అందుకే గంటలు కూడా లెక్కే. ఫోన్ చేసేటప్పుడు ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబరు చేతిలో ఉంచుకోండి. ఆ బ్యాంకు మెసేజీలు మాత్రం చెరపకండి.