సగం కరెంటు ఎక్కడ ఆదా అయింది?

తమ్ముడూ,

తమ సర్క్యూట్‌ను తామే మార్చుకునే చిప్‌ల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ "చిప్ తనంతట తానే ఆలోచించి సగం కరెంటు ఆదా చేసే ఫిల్టర్‌ను పుట్టించుకుంటుంది" అన్నావు చూడు (ఫిల్టరంటే సిగ్నల్‌లో అక్కర్లేని ఫ్రీక్వెన్సీలను ఆపేసే సర్క్యూట్), అక్కడ ఒళ్లు మండింది. దేనితో పోలిస్తే సగం? ఎవరు కొలిచారు?

పైగా దానికి సాక్ష్యంగా పరిశోధకుడు ఏడ్రియన్ థాంప్సన్‌ను లాక్కొచ్చావు. 1996లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీలో ఆయన జైలింక్స్ కంపెనీ ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మళ్లీ మళ్లీ మార్చుకోగల చిప్) ఒకటి తీసుకుని, అందులో 100 సెల్స్ (చిన్న లాజిక్ గడులు) ఉన్న మూలలో, జెనెటిక్ అల్గారిథమ్‌తో (ఎక్కువ మార్కులొచ్చిన సర్క్యూట్లను కలిపి, మార్చి తరతరాలుగా మెరుగుపరిచే పద్ధతి) 1 కిలోహెర్ట్జ్ స్వరాన్నీ 10 కిలోహెర్ట్జ్ స్వరాన్నీ వేరుచేసే సర్క్యూట్‌ను రాబట్టాడు, అదీ సర్క్యూట్‌కు తాళం వేసే క్లాక్ సిగ్నల్ లేకుండా. గొప్ప పనే, కాదనను. కానీ ఆయన మార్కులు వేసింది స్వరాలను విడదీసినందుకు, కరెంటు తగ్గించినందుకు కాదు. అదే చిప్‌లో ఇంకో చోటికి మారిస్తే దాని పనితనం తగ్గిందన్న సంగతి నువ్వు అసలు రాయనే లేదు. ఎవల్యూషన్ దేనికి మార్కులు వేస్తే అదే ఇస్తుంది, అడగనిది ఊరికే ఇవ్వదు.

అందుకే నా గోల ఎప్పుడూ ఒక్కటే, లెక్క చూపించు. డిజిటల్ ఫిల్టర్‌లో ఎక్కువగా కరెంటు తినేది గుణకారాలు. లోపలికొచ్చిన అంకె xని 7తో గుణించాలంటే 4x, 2x, x కలపాలి, అంటే రెండు యాడర్లు (కూడే సర్క్యూట్లు). అదే 8x లోంచి x తీసేస్తే ఒక్క సబ్‌ట్రాక్టర్‌తో సరి, ఎందుకంటే 8x అంటే బిట్లను మూడు స్థానాలు ఎడమకు జరపడమే, ఉత్త వైరింగ్. కోఎఫిషియంట్లను, అంటే ఫిల్టర్ గుణించే అంకెలను, ఇలాంటి చవక అంకెల వైపు నెడుతూ, స్టాప్‌బ్యాండ్ (ఫిల్టర్ ఆపాల్సిన ఫ్రీక్వెన్సీల భాగం) చెడకుండా చూసుకునే వెతుకులాటే ఇక్కడ అల్గారిథమ్ పని. ఈ ఒక్క 7 సంగతి రాస్తే చాలు, డిగ్రీ చదివే పిల్లాడు కాగితం తీసి చేసి చూసుకుంటాడు.

"పాఠకులకు లెక్కలు ఎక్కవండీ" అంటారు ఎడిటర్లు. నా తొలి వ్యాసంలో ఒకాయన అంకెలన్నీ కొట్టేసి అడుగడుగునా "అద్భుతం" చేర్చి వేశాడు. ఆ పారితోషికం ఇప్పటికీ రాలేదు, అది వేరే కథ. ఇప్పుడేమో ఏ చిప్ గురించి రాసినా దానికి మెదడు తగిలించడం ఫ్యాషనైంది.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ పేరా తిరగరాయి. సర్క్యూట్‌ను మార్చుకోవడానికి పెట్టిన మల్టిప్లెక్సర్లూ (ఏ దారి వాడాలో ఎంచే స్విచ్‌లు) కరెంటు తింటాయి, వెతుకులాట నడిచినంతసేపూ కరెంటు పోతూనే ఉంటుంది. ఆ రెండూ కలిపాకే సగమా, కలపకముందా? తేలకపోతే ఆ వాక్యం తీసేయ్.