విచారణలో చిన్న క్రైస్తవ సంఘాలు నిలబడాలంటే: నా అనుభవం

మీ ప్రశ్న సారాంశం ఇది: మీ విచారణలో (కతోలిక పారిష్‌లో) సుమారు 400 కుటుంబాలు ఉన్నాయి. కొన్నేళ్ల కిందట చిన్న క్రైస్తవ సంఘాలు ప్రారంభించారు, ఏడాది తిరిగేసరికి ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. వాటిని మళ్లీ నిలబెట్టే పనిని విచారణ గురువైన ఫాదర్ గారు మీకు అప్పగించారు. ప్రణాళిక ఎక్కడ మొదలుపెట్టాలి, ఈసారి ఆగిపోకుండా ఏం చేయాలి అని అడిగారు.

నేను మా విచారణలో చాలాకాలం యానిమేటర్‌గా, అంటే చిన్న సంఘాన్ని నడిపించే వ్యక్తిగా, పనిచేశాను. ఇప్పుడు కొత్త యానిమేటర్లకు శిక్షణ ఇచ్చే బృందంలో ఉన్నాను. ప్రార్థన చాలక ఆగిపోయిన సంఘం ఒక్కటీ నా కంటపడలేదు. ప్రార్థన ముగిశాక కలిసి చేయడానికి ఏ పనీ లేక, ‘ఈ వారం వెళ్లకపోతే ఏమవుతుందిలే’ అన్న మాట మొదలై ఆగిపోయినవే ఎక్కువ. కాబట్టి సంఘాల హద్దులకు కొత్త పటం గీయడానికి ముందు, పాత సంఘాల్లో ఉన్నవారిలో కొందరి ఇళ్లకు వెళ్లి, చివరి సమావేశాలు ఎలా జరిగాయో అడిగి తెలుసుకోండి. జపమాల, రెండు పాటలు, ఒకరి ప్రసంగం, ప్రకటనలు, ఇంటికి. చాలావరకు ఇదే వింటారు. అందులో తప్పేమీ లేదు. కానీ అది ప్రార్థన కూటం. చిన్న క్రైస్తవ సంఘం ఇరుగుపొరుగు విశ్వాసులు ఒకరి బాధ్యతను ఒకరు తీసుకునే చోటు.

మీ విచారణ మండలిలో ‘ఇప్పటికే ఇన్ని సమాఖ్యలు ఉండగా ఇంకొకటి ఎందుకు?’ అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. దానికి సిద్ధంగా ఉండండి. ఇది ఎవరో ఒక ఉత్సాహవంతుడికి తోచిన ఆలోచన కాదు. లాటిన్ అమెరికా పీఠాధిపతులు (బిషప్పులు) 1968లో కొలంబియాలోని మెదెయీన్ సమావేశంలో ఈ ప్రాథమిక సంఘాలను శ్రీసభకు (కతోలిక చర్చికి) తొలి కణంగా చూశారు. తూర్పు ఆఫ్రికా పీఠాధిపతులు 1970లలో వీటినే తమ పాలనా ప్రణాళికకు కేంద్రంగా పెట్టుకున్నారు. ఆసియా పీఠాధిపతుల సమాఖ్య 1990లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో సమావేశమైనప్పుడు శ్రీసభను ‘సంఘాల సహవాసం’గా చూడాలని చెప్పింది. అదే ఏడాది రెండవ జాన్ పాల్ పోపు తన విశ్వలేఖలో (శ్రీసభ అంతటికీ రాసిన లేఖలో) ఈ సంఘాలు శ్రీసభ సజీవంగా ఉందనడానికి గుర్తు అని రాశారు. విచారణలోని సమాఖ్యలో చేరడం ఇష్టాన్ని బట్టి ఉంటుంది. మహిళలకు ఒకటి, యువతకు ఒకటి, గాయక బృందం ఇంకొకటి. చిన్న సంఘం ఆ వీధిలో ఉన్న ప్రతి కతోలిక కుటుంబానిదీ. రాని కుటుంబం కూడా దానిలోదే. ఈ తేడా మండలికి స్పష్టంగా తెలిస్తే సగం వాదన అక్కడే తీరిపోతుంది.

ఇక పటం సంగతి. విచారణ కుటుంబాల రిజిస్టరు దగ్గర పెట్టుకుని, కాగితం మీద వీధులు గీసి, ఒక్కో ఇంటికీ ఒక చుక్క పెట్టండి. పది పన్నెండు కుటుంబాలకు ఒక సంఘం చాలు. పదిహేను దాటితే మాట్లాడేవారు మాట్లాడుతూనే ఉంటారు, మిగతావారు వింటూ ఉండిపోతారు. ఒక ముసలమ్మ రాత్రిపూట నడిచి వెళ్లి, నడిచి ఇంటికి చేరగలిగినంత దూరమే హద్దు. ఇక్కడ మీ మీద ఒత్తిడి వస్తుంది. ‘మా స్నేహితుల కుటుంబాలన్నీ ఒకే సంఘంలో ఉంటే బాగుంటుంది’ అని కొందరు, ‘వెనక వీధి వాళ్లతో మాకు కుదరదు’ అని ఇంకొందరు అంటారు. దయచేసి లొంగకండి. డబ్బు, చదువు, కులం, భాష చూసి గీసిన హద్దులతో ఏర్పడేది సంఘం కాదు, స్నేహబృందం. దివ్యసత్ప్రసాదాన్ని (కమ్యూనియన్‌ను) ఒకే పీఠం దగ్గర స్వీకరించేవారు ఒకే గదిలో కూర్చోలేకపోతే, ఆ కష్టాన్ని తప్పించుకునేలా హద్దులు గీయడం మన పని కాదు. నాకు ఈ విషయంలో రాజీ లేదు.

అన్ని సంఘాలనూ ఒకే ఆదివారం పూజలో (మాస్‌లో) ప్రకటించి, దీపాలు వెలిగించి ప్రారంభించవద్దు. ముప్పై నలభై సంఘాలు ఒకేసారి పుడితే వాటిని చూసుకునే మనుషులు ఉండరు. రెండు మూడు వీధులతో మొదలుపెట్టి, ఆరు నెలలు నడవనిచ్చి, అక్కడ నేర్చుకున్నవారినే పక్క వీధులకు పంపండి. మొదటి సమావేశానికి ముందు ఇద్దరిద్దరుగా ప్రతి ఇంటికీ వెళ్లాలి. చేతిలో రసీదు పుస్తకం ఉండకూడదు. చందా పుస్తకం చూస్తే చాలు, తలుపు సగమే తెరుచుకుంటుంది. ఎవరు జబ్బుపడ్డారు, ఎవరి పిల్లలకు జ్ఞానస్నానం జరగలేదు, ఎవరి వివాహం దేవాలయంలో జరగలేదు అని దర్యాప్తు అధికారుల్లా ఆరా తీయకండి. కూర్చుని వినండి. వాళ్లే చెబుతారు, ఈ రోజు కాకపోతే మూడోసారి వెళ్లినప్పుడు.

సమావేశానికి చాలాచోట్ల వాడే పద్ధతి ఏడు మెట్లది. దక్షిణాఫ్రికాలోని లుమ్కో అనే కతోలిక శిక్షణ సంస్థలో ఫ్రిట్జ్ లోబింగర్, ఆస్వాల్డ్ హిర్మర్ అనే ఇద్దరు గురువులు దీన్ని సామాన్య విశ్వాసుల చేతికి అందేలా తీర్చిదిద్దారు. తరువాత వారిద్దరూ పీఠాధిపతులయ్యారు. ముందు ప్రభువును మన మధ్యకు ఆహ్వానిస్తాం. వాక్యం చదువుతాం. మనసుకు తగిలిన మాటను ప్రార్థనగా పైకి మూడుసార్లు పలుకుతాం. కొన్ని నిమిషాలు మౌనంగా ఉంటాం. ఆ వాక్యం నాతో ఏమన్నదో పంచుకుంటాం. ఆరవ మెట్టులో, ప్రభువు మనల్ని ఏ పని చేయమంటున్నాడో కలిసి నిర్ణయించుకుంటాం. చివరగా సొంత మాటల్లో ప్రార్థిస్తాం. మొత్తం గంటకు మించకూడదు. రాబోయే ఆదివారపు సువిశేషాన్నే (సువార్త భాగాన్నే) తీసుకుంటే పూజలో అదే వాక్యం మళ్లీ వినిపించినప్పుడు చెవులు నిక్కబొడుచుకుంటాయి.

అయిదవ మెట్టులో ప్రసంగం, వాదన, ఒకరి మాటను ఇంకొకరు సరిదిద్దడం వద్దు. బైబిలు బాగా తెలిసినవారు ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. ఆయన్ను ముందుగా ఏకాంతంగా కలిసి, అందరూ మాట్లాడాక చివర మాట్లాడమని కోరండి. మంచి మనసున్నవారైతే అర్థం చేసుకుంటారు.

ఆగిపోయిన సంఘాలు ఎక్కువగా దాటవేసింది ఆరవ మెట్టునే. ఏడింటిలోనూ అసౌకర్యంగా ఉండేది అదే మరి. మా సంఘంలో ఒక సాయంత్రం మార్కు సువార్త రెండవ అధ్యాయం చదివాం. పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చి, జనం అడ్డుగా ఉంటే ఇంటి కప్పు తెరిచి యేసు ముందు దించిన ఘట్టం అది. ఒక ఇల్లాలు ‘నలుగురు’ అన్న ఒక్క మాటనే మూడుసార్లు పలికారు. మౌనం తరువాత ఆమే అన్నారు: “మా పై అంతస్తులో ఒక పెద్దాయన తుంటి ఎముక విరిగి మంచం పట్టారు. మెట్లు దిగలేరు. పూజకు వచ్చి ఎన్నాళ్లయిందో. మనం ఇక్కడ ఎంతమందిమి ఉన్నాం?”

ఎవరూ వెంటనే మాట్లాడలేదు. యానిమేటర్ తొందరపడి పాట అందుకోలేదు, అది ఆ యానిమేటర్ గొప్పతనం. మూడే ప్రశ్నలు అడిగారు: ఎవరు వెళ్తారు? ఎప్పుడు? వచ్చే సమావేశంలో ఎవరు చెబుతారు? ఇద్దరు గురువారం వెళ్లి పలకరిస్తామన్నారు. ఒక కాలేజీ విద్యార్థి ఆదివారం పఠనాలు చదివి వినిపిస్తానన్నాడు. ఇంకొకరు ఫాదర్ గారితో మాట్లాడి, దివ్యసత్ప్రసాదం, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (రోగికి పవిత్ర తైలం పూసే సంస్కారం) ఇంటి వద్దే అందేలా చూస్తామన్నారు. నోటు పుస్తకంలో పేర్లు, తేదీలు రాశారు. తరువాతి సమావేశం ఆ పుస్తకం తెరవడంతోనే మొదలైంది. కొన్నాళ్లకు ఆ పెద్దాయన కుమారుడు, అంతవరకు ఏ సమావేశానికీ రానివాడు, ‘నాన్న కూడా వింటారు, ఒకసారి మా ఇంట్లో పెట్టండి’ అని అడిగాడు.

అందుకే ప్రతి సంఘానికీ ఒక నోటు పుస్తకం ఇవ్వమంటాను. హాజరు పట్టిక కోసం కాదు. ‘ఏం నిర్ణయించుకున్నాం, ఎవరు చేస్తారు, ఏమైంది’ అన్న మూడు గడులు చాలు. పని చిన్నదైనా ఫరవాలేదు: పరీక్షల్లో తప్పిన పిల్లవాడికి లెక్కలు చెప్పడం, మాటలు లేని రెండు కుటుంబాలను విడివిడిగా కలవడం, మునిసిపాలిటీకి వీధి దీపం గురించి అర్జీ పెట్టడం. ఈ మూడోదానిలో ఇరుగుపొరుగు అన్యమతస్థులు కూడా కలిసి వస్తారు, రావాలి కూడా. వాక్యం ఇంటి గోడల మధ్యే ఆగిపోకూడదు కదా.

నాయకత్వం విషయంలో ఒక్కరిని పెట్టకండి. ముగ్గురు నలుగురి బృందం కావాలి, అందులో స్త్రీలు, ఒక యువకుడో యువతో ఉండాలి. కాలపరిమితి మొదటి రోజే ప్రకటించండి. మా దగ్గర మూడేళ్లు. ఎంత మంచివారైనా ఆ తరువాత తప్పుకుంటారు. పదవిగా మారిన సేవను వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. యానిమేటర్లందరూ నెలకోసారి ఫాదర్ గారితో కలిసి కూర్చోవాలి. ఆ సమావేశంలో వాళ్లు కూడా ఏడు మెట్ల ప్రకారమే వాక్యం పంచుకోవాలి. ఇతరులకు ఇవ్వడమే తప్ప తాము పొందే చోటు లేని యానిమేటర్ త్వరగా అలసిపోతారు.

ఫాదర్ గారు చిన్న సంఘానికి వచ్చినప్పుడు అందరితోపాటు చాప మీదో కుర్చీలోనో కూర్చుని, ఒక మాట పంచుకుని, ముగింపు ఆశీర్వాదం ఇస్తే చాలు. ఆయన వచ్చినప్పుడల్లా అది చిన్న ప్రసంగ సభగా మారితే, ఆయన రాని వారం ఎవరూ రారు. ఈ మాట ఆయనతో చెప్పడానికి మీరు సంకోచించవచ్చు. గౌరవంగా, ముందుగానే చెప్పండి.

విచారణతో బంధం తెగకూడదు. ఆరవ పాల్ పోపు 1975లో ‘ఎవాంజెలీ నున్షియాండి’ అనే ప్రబోధ లేఖలో ఈ సంఘాలను ఆశతో ఆహ్వానిస్తూనే హెచ్చరికలూ చేశారు. స్థానిక శ్రీసభతో, కాపరులతో కలిసే ఉండాలి, తామే అసలైన శ్రీసభ అనుకోకూడదు, రాజకీయ సిద్ధాంతాల వలలో పడకూడదు. ఫ్రాన్సిస్ పోపు కూడా 2013లో విచారణతో సంబంధం కోల్పోవద్దన్నారు. ఆచరణలో దీనర్థం, ఆదివారం పూజ సమయానికి ఏ చిన్న సంఘ సమావేశమూ పెట్టకూడదు. ప్రతి సంఘం నుంచి ఒకరు విచారణ మండలిలో ఉండాలి. ఆదివారం పఠనాలు, విశ్వాసుల ప్రార్థనలు వంతులవారీగా సంఘాలు చూసుకోవాలి. తమ వీధి రోగి కోసం పూజలో ప్రార్థన వినిపించినప్పుడు ఆ బంధం ఎవరూ వివరించకుండానే తెలుస్తుంది. అయితే సంఘాలను కేవలం పండుగకు కుర్చీలు వేయడానికి, టిక్కెట్లు అమ్మడానికి వాడుకోకండి. అలా వాడుకున్న విచారణల్లో జనం ఫోను ఎత్తడం మానేశారు.

చిన్నవే అయినా సంఘాన్ని కూల్చగలిగేవి కొన్నున్నాయి. ఆతిథ్యం మంచినీళ్లతో సరి అని మొదటే నియమం పెట్టుకోండి. లేకపోతే పేద ఇల్లు తన వంతు వచ్చినప్పుడు ఏదో ఒక సాకు చెబుతుంది. సంఘానికి డబ్బు పెట్టె వద్దు. ఎవరికైనా సాయం కావాలంటే విచారణ ద్వారా చేయండి. ఎవరైనా కన్నీళ్లతో పంచుకున్న మాట గుమ్మం దాటకూడదు. ఒక్కసారి దాటిందంటే ఆ కుటుంబం మళ్లీ రాదు, వారిని తప్పుపట్టలేం. వాట్సాప్ గ్రూపులో సమావేశం సమాచారం, నిర్ణయించుకున్న పని తప్ప ఇంకేమీ పెట్టవద్దని అందరితో ఒప్పించండి. జీవిత భాగస్వామి కతోలికులు కాని ఇళ్లకు ప్రత్యేకంగా వెళ్లి, ఇద్దరినీ పిలవండి.

మొదటి ఏడాది హాజరు చూసి దిగులుపడకండి. పన్నెండు ఇళ్లలో అయిదు ఇళ్లవారు క్రమంగా వస్తే, మిగతా ఏడు ఇళ్లకు ఆ అయిదుగురూ వెళ్లివస్తుంటే, ఆ సంఘం బాగున్నట్టే. నెల సమావేశంలో యానిమేటర్లను ‘ఎంతమంది వచ్చారు’ అని అడగడం మేము మానేశాం. ‘ఎవరి ఇంటికి వెళ్లారు, పుస్తకంలో ఏం రాశారు’ అని అడుగుతాం. ఆ ప్రశ్న మార్చాక వాళ్లు తెచ్చే కబుర్లే మారిపోయాయి.

ఫాదర్ గారి బదిలీ గురించి మీరు అడగలేదు కానీ, చాలా సంఘాలు ఆగిపోయేది అప్పుడే. ఇప్పటి ఫాదర్ గారు ఉండగానే హద్దుల పటం, యానిమేటర్ల జాబితా, కాలపరిమితులు విచారణ మండలి తీర్మానంగా రాయించి, విచారణ కార్యాలయంలో భద్రపరచండి. కొత్త గురువు వచ్చిన మొదటి వారాల్లోనే ఆయన్ను ఒక మామూలు సమావేశానికి పిలుచుకు వెళ్లండి. పూలదండలు, స్వాగత సభ వద్దు. అన్ని వారాల్లాగే, ఒక చిన్న ఇంట్లో. వివరణలన్నీ ఆ తరువాత ఇవ్వవచ్చు.