ఎంబీబీఎస్ మానేసి డైరెక్టర్ అవుతానంటే?

ప్రశ్న: మా అబ్బాయి ఎంబీబీఎస్ మూడో ఏడాది. కాలేజీ మానేసి సినిమా డైరెక్షన్‌లోకి వెళ్తానంటున్నాడు. ‘మ్యాడ్ మ్యాక్స్’ తీసిన జార్జ్ మిల్లర్ కూడా డాక్టరేనని వాదిస్తున్నాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: మీ అబ్బాయి ఎంచుకున్న ఉదాహరణ చాలా మంచిది. కాకపోతే మిల్లర్ మెడిసిన్ మధ్యలో మానేయలేదు. 1945లో ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్‌లోని చిన్‌చిల్లా అనే చిన్న ఊళ్లో పుట్టి, సిడ్నీలో మెడిసిన్ చదివాడు. చదువుతూనే తమ్ముడితో కలిసి ఒక నిమిషం సినిమా తీసి, విద్యార్థుల పోటీలో మొదటి బహుమతి గెలుచుకున్నాడు. 1971లో మెల్‌బోర్న్‌లో జరిగిన ఫిల్మ్ వర్క్‌షాప్‌లో బైరన్ కెన్నెడీ పరిచయమయ్యాడు, తర్వాత ‘మ్యాడ్ మ్యాక్స్’ నిర్మాత అతనే. ఆ తర్వాత కూడా సెయింట్ విన్సెంట్ ఆస్పత్రిలో రెసిడెన్సీ (జూనియర్ డాక్టర్‌గా శిక్షణ) పూర్తి చేశాడు. ‘మ్యాడ్ మ్యాక్స్’ విడుదలైంది 1979లో. అప్పటికి అతనికి 34 ఏళ్లు. ఆ సినిమాకి డబ్బు కూడబెట్టడానికి ఎమర్జెన్సీ డాక్టర్‌గా ఇళ్లకు వెళ్లి వైద్యం చేశాడు, కారు కెన్నెడీ నడిపేవాడు. రోడ్డు ప్రమాదాల్లో దెబ్బతిని ఆస్పత్రికి వచ్చినవాళ్లను చూసిన అనుభవమే ఆ కథకు ఆధారమైంది. అరుదైన జబ్బుతో బాధపడే బాబు మీద తీసిన ‘లోరెంజోస్ ఆయిల్’ స్క్రీన్‌ప్లే ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. చదివిన మెడిసిన్ ఎక్కడా వృథా కాలేదు.

ఇక మీవాడి సంగతి. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. అదీ పూర్తయితేనే మెడికల్ కౌన్సిల్‌లో శాశ్వత రిజిస్ట్రేషన్ వస్తుంది. అది చేతిలో ఉంటే ప్రైవేటు ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్‌గా నైట్ షిఫ్టులు చేసుకుంటూ పగలు స్క్రిప్టు రాసుకోవచ్చు. ఇప్పుడు ఆపేస్తే మిగిలేది ఇంటర్ సర్టిఫికెట్టే. ప్రభుత్వ ఫిల్మ్ స్కూళ్లయిన పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లలో మూడేళ్ల డైరెక్షన్ కోర్సుకు డిగ్రీ ఉండాలి. ఏ డిగ్రీ అయినా సరే, ఎంబీబీఎస్ కూడా పనికొస్తుంది. ‘రెండేళ్లు గ్యాప్ తీసుకుంటా’ అన్నా జాగ్రత్త. చేరిన తేదీ నుంచి 9 ఏళ్లలోపు కోర్సు పూర్తి కావాలన్నది జాతీయ మెడికల్ కమిషన్ నిబంధన. హాజరు థియరీలో 75 శాతం కన్నా, ప్రాక్టికల్స్‌లో 80 శాతం కన్నా తగ్గితే పరీక్షకే కూర్చోనివ్వరు.

అలాగని చదువు అయ్యేదాకా సినిమాను పక్కన పెట్టమనకండి, అది అన్యాయం. వచ్చే సెలవుల్లోనే ఒక నిమిషం సినిమా తీయమనండి: డైలాగులు లేకుండా, ఇద్దరు నటులతో, ఒకే గదిలో, పగటి వెలుతురులో, పది పన్నెండు షాట్లు. ముందు ప్రతి షాటూ కాగితం మీద బొమ్మ వేయాలి. ‘మ్యాడ్ మ్యాక్స్’ వరసలోనే తర్వాత వచ్చిన ‘ఫ్యూరీ రోడ్’కు మిల్లర్ దాదాపు 3,500 బొమ్మలతో స్టోరీబోర్డు తయారు చేయించుకున్నాడు. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. గదంతా కనపడే వైడ్ షాట్లు మాత్రమే తీసి క్లోజప్‌లు మరిచిపోతారు, తీరా ఎడిటింగ్‌కు కూర్చుంటే కలపడానికి ముక్కలుండవు. డైలాగు పెడితే ఫోన్ మైకులో ఫ్యాన్ మోత తప్ప మాట వినపడదు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఎడిటింగ్ అతనే చేసుకోవాలి. తన తప్పులు ఇంకెవరు సరిచేసినా అతనికి పని రాదు.

ఇంకోటి, నిర్మాణం చూసుకునే స్నేహితుణ్ని ఇప్పటినుంచే వెతుక్కోవాలి. మిల్లర్‌కు కెన్నెడీ దొరికాడు కాబట్టే సుమారు నాలుగు లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లలో మొదటి ‘మ్యాడ్ మ్యాక్స్’ లాంటి పెద్ద సినిమా సాధ్యమైంది. ఇంటర్న్‌షిప్ అయ్యేలోపు ఇలాంటి నిమిషం సినిమాలు ఐదారు తీసి దాచుకుంటే ఎఫ్‌టీఐఐ ఇంటర్వ్యూలో చూపించడానికి పని ఉంటుంది. ఆ ప్రవేశ ప్రకటన ప్రతి ఏడాదీ ఒకే నెలలో రాదు, వాళ్ల వెబ్‌సైటు చూస్తూ ఉండమనండి.