క్లిప్పులు తీశాక పన్ను రంగు మారింది... కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ. హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌లో 60 వేలు కట్టి రెండేళ్లు పళ్లకు క్లిప్పులు వేయించుకున్నాను. పోయిన ఏడాది తీశాక చూస్తే పళ్ల మీద తెల్లటి మచ్చలు, ముందు పన్ను ఒకటి బూడిద రంగు. ఆ పన్ను సంగతి మధ్యలోనే చెబితే ‘అదే సర్దుకుంటుంది’ అన్నారు. ఇప్పుడేమో నేను సరిగ్గా బ్రష్ చేయలేదంటున్నారు. కేసు నిలుస్తుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: మచ్చలనూ ఆ పన్నునూ ఒకే గాటన కట్టకండి, అమ్మా. క్లిప్పుల చుట్టూ పాచి చేరితే ఎనామిల్ కరిగి తెల్లమచ్చలు పడతాయి. అందుకే బ్రషింగ్ వాదనకు కొంత బలముంది. పైగా మీది నల్గొండ. అవి ఫ్లోరైడ్ మచ్చలేనని అవతలి లాయరు తప్పకుండా అంటారు. చికిత్సకు ముందు తీసిన ఫొటోలే దానికి సమాధానం.

బూడిద రంగు వేరే కథ. పంటి లోపలి నరం చచ్చిపోతే అలా మారుతుంది, బ్రష్‌తో సంబంధం లేదు. క్లిప్పుల ఒత్తిడి మితిమీరినా, ఎప్పుడో దెబ్బ తగిలినా జరగవచ్చు. చిన్నప్పుడు పడి ఉంటే మీ లాయరు దగ్గర దాచకండి. నా దృష్టిలో మీ కేసుకు ప్రాణం ఒక్కటే: మీరు చెప్పినప్పుడు ఎక్స్‌రే తీశారా, నరం పరీక్ష చేశారా? ఆ రోజుల వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే బంగారమే.

ఫలితం బాగా రాలేదన్నంత మాత్రాన నిర్లక్ష్యం కాదని సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. ప్రతి కేసులోనూ నిపుణుల అభిప్రాయం తప్పనిసరి కాదని 2010లో కిషన్ రావు కేసులో చెప్పింది, అది హైదరాబాద్ ఆసుపత్రి మీద వేసిన కేసే. అయినా మీరు ప్రభుత్వ డెంటల్ కాలేజీలో చూపించి రిపోర్టు తీసుకోండి. రూట్ కెనాల్ అవసరమంటే కేసు కోసం ఆపకండి, ముందుగా ఫొటోలు, ఎక్స్‌రే తీయించుకుంటే చాలు. కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టినా నిర్లక్ష్యానికి ఒప్పుకున్నట్టు కాదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కేసు వేయడానికి గడువు రెండేళ్లు. ఏ రోజు నుంచి లెక్కించాలన్నది వాదనకు తావిచ్చే విషయం కనుక పన్ను రంగు మారడం గమనించిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి. అది దాటిపోయి ఉంటే ఆలస్యానికి కారణం చూపుతూ విడిగా దరఖాస్తు పెట్టాలి. హైదరాబాద్ తిరగక్కర్లేదు, నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. మీరు చెల్లించింది ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు.

లీగల్ నోటీసు మాత్రం తొందరపడి పంపకండి. ముందు కేస్ షీట్, ఫొటోలు, ఎక్స్‌రేల కాపీలు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. నోటీసు అందాక చాలా చోట్ల ఫైలు ‘కనిపించదు’.