హెడర్ ఎర్రర్లతో కుస్తీ.. కెరీర్‌కు పనికొస్తుందా?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. ఉబుంటు 22.04లో ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేస్తుంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) హెడర్ల (లైబ్రరీ ఫంక్షన్ల వివరాలుండే ఫైళ్ల) దగ్గర కుప్పలుగా ఎర్రర్లు వస్తున్నాయి. అంతకుముందు ఓ వీడియో చూసి దాని 1.1.1 వెర్షన్‌ను నేనే ఇన్‌స్టాల్ చేశాను. ఇవన్నీ మాని అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ కోర్సులో చేరమంటున్నారు నాన్న. ఏం చేయమంటారు?

జవాబు: కోర్సు ఎక్కడికీ పోదు. ముందు ఆ ఎర్రర్ సంగతి తేల్చండి.

దొంగ మీ ప్రశ్నలోనే ఉన్నాడనుకుంటా. ఉబుంటులో జీసీసీ కంపైలర్ సిస్టమ్ హెడర్ల కోసం ముందు యూఎస్‌ఆర్-లోకల్-ఇన్‌క్లూడ్ డైరెక్టరీ చూస్తుంది, ఆ తర్వాతే యూఎస్‌ఆర్-ఇన్‌క్లూడ్. మీ 1.1.1 ఉన్నది మొదటి దాంట్లో. ఉబుంటు ఇచ్చే 3.0 రెండో దాంట్లో. పాత వెర్షన్‌లో ఉన్న ప్రతి హెడరూ పాతదే దొరుకుతుంది. 3.0తో కొత్తగా వచ్చిన ప్రొవైడర్ డాట్ హెచ్ లాంటివి అక్కడ లేవు కాబట్టి వాటిని రెండో చోటు నుంచి తెస్తుంది. సగం పాతవి, సగం కొత్తవి. ఇక ఎర్రర్లు రాక ఏమవుతాయి?

అయితే ఊహ చాలదు, రుజువు కావాలి. ఎర్రర్ వచ్చిన ఫైలును పెద్ద 'హెచ్' ఆప్షన్‌తో కంపైల్ చేయండి. ఏ హెడర్ ఏ దారి నుంచి వచ్చిందో జీసీసీ వరసగా చూపిస్తుంది. ఆ దారిని ఉబుంటు ప్యాకేజీల లెక్క చూసే డీపీకేజీ కమాండ్‌కు పెద్ద 'ఎస్' ఆప్షన్‌తో ఇవ్వండి. ఏ ప్యాకేజీదీ కాదని అంటే, అది చేత్తో పెట్టిన ఫైలే.

మేక్‌ఫైల్‌లో (కంపైల్ ఆదేశాలుండే ఫైలు) యూఎస్‌ఆర్-ఇన్‌క్లూడ్‌ను పెద్ద 'ఐ' ఆప్షన్‌తో ముందుకు తెమ్మని కొందరు చెబుతారు. పనిచేయదు. అది ముందే సిస్టమ్ డైరెక్టరీ కాబట్టి జీసీసీ ఆ ఆప్షన్‌ను పట్టించుకోదు. 1.1.1 సోర్స్ ఫోల్డర్ ఇంకా ఉంటే అందులోంచే 'మేక్ అన్‌ఇన్‌స్టాల్' చేయండి. దానికి ఎలాగూ 2023 సెప్టెంబరులోనే ఉచిత సపోర్ట్ ఆగిపోయింది. ఆ తర్వాత మీ ప్రోగ్రామ్‌లో 'మేక్ డిస్ట్‌క్లీన్' చేసి, కాన్ఫిగర్ మళ్లీ మొదటి నుంచి నడపండి. సిస్టమ్ హెడర్లను మాత్రం చేత్తో దిద్దవద్దు.

ఇక నాన్నగారి మాట. ఆయన భయం ఉత్తదేం కాదు. బిల్డ్ ఇంజినీర్ పేరుతో ఫ్రెషర్లకు పోస్టులు తక్కువే, కోడింగ్ రౌండ్‌లో డేటా స్ట్రక్చర్సే అడుగుతారు. కాబట్టి రోజూ కొంతసేపు వాటికి పెట్టాల్సిందే. కానీ క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఎంబెడెడ్ లినక్స్ (పరికరాల్లో నడిచే లినక్స్), కంపైలర్ల వైపు వెళ్లాలనుకుంటే మీరు ఇప్పుడు పడుతున్న తిప్పలే అక్కడ రోజువారీ పని. ఫుల్‌స్టాక్ కోర్సు ఇది నేర్పదు. వెబ్ మీద ఇష్టం ఉంటే సెలవుల్లో చేరండి, అభ్యంతరం లేదు.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు మీరు పంపే మొదటి ప్యాచ్‌కు (కోడ్ సవరణకు) ఒక దారి చెబుతా. పాత సీ ప్రోగ్రాములు కొన్ని 'గెట్‌లైన్' పేరుతో సొంత ఫంక్షన్ రాసుకున్నాయి. యునిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోసిక్స్ 2008 అదే పేరును స్టాండర్డ్‌లోకి తెచ్చింది, దాంతో ఎస్‌టీడీఐఓ హెడర్‌తో గొడవ. ఫంక్షన్ పేరు మార్చి పంపితే చాలు. రెజ్యూమెలో 'ఓపెన్ సోర్స్‌పై ఆసక్తి' అని రాయకండి. అంగీకరించిన ఆ ప్యాచ్ లింకు పెట్టండి.